గెడ్డలో ఆగిన బండి, బిల్లు ఎవరి నెత్తిన

ఇంజిన్‌లోకి నీళ్లు పోయి బండి ఆగిపోతే, రిపేరు ఖర్చు పెట్టుకోగల వాళ్లు కాగితం మీద ముగ్గురు కనిపిస్తారు. బండి తయారుచేసిన కంపెనీ, మనం ప్రీమియం కట్టిన ఇన్సూరెన్సు కంపెనీ, ఆ టైముకి స్టీరింగ్ పట్టుకున్న మనిషి. మా విషయంలో ఆ మూడో మనిషి మా బావమరిది. దాంతో వర్క్‌షాపులో ఎంత టెన్షన్ ఉందో, మా ఇంట్లో భోజనాల దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది.

మేం ఉండేది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడలో. 1960ల్లో ఇక్కడ మిగ్ విమానాల ఇంజిన్ల కోసం హెచ్ఏఎల్ ఫ్యాక్టరీ పెట్టారు. ఊళ్లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. విమానాల ఇంజిన్లు చేసే ఊళ్లో ఉండి జీపు ఇంజిన్‌లో నీళ్లు పోసుకున్నారేంటండీ అని తర్వాత కనబడ్డవాళ్లందరూ అడిగారు.

వానాకాలంలో ఆదివారం వస్తే దేవమాలి వైపు బండ్లు బారులు తీరతాయి. 1,672 మీటర్లతో ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం అది. విజయనగరం, విశాఖ నుంచి కూడా సాలూరు మీదుగా ఘాట్ ఎక్కి వస్తారు. పైకి రోడ్డు పడ్డాక మజా పోయిందని, నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందే ఫోర్ బై ఫోర్ బండ్లున్న మావాళ్లు సిమిలిగుడ దాటాక మట్టిదారులు పట్టి ఊళ్ల మధ్య నుంచి తిరుగుతారు. ఆ రోజూ అలాగే నాలుగు బండ్లు బయల్దేరాయి. దారిలో ఒక గెడ్డ, అంటే కొండవాగు. మామూలు రోజుల్లో అయితే పిల్లలు బడిసంచీ తలమీద పెట్టుకోకుండానే దాటేస్తారు. పైన కొండమీద వాన పడితే మాత్రం చూస్తుండగానే నీళ్ల రంగు మారుతుంది.

మా బండి మాన్యువల్‌లో 650 మిల్లీమీటర్ల లోతు దాకా నీళ్లలో నడపొచ్చని ఉంది. ఆ అంకెను నిలకడగా ఉన్న నీళ్లకి, మెల్లగా దాటే బండికి అనుకోవాలి. వేగంగా దిగితే బండి ముందు అల లేస్తుంది. నీళ్లు అరమీటరే ఉన్నా అల బానెట్ ఎక్కుతుంది. ఇంజిన్‌కి గాలి లాగే గొట్టం నోరు ఉండేది ఆ బానెట్ కిందే. ముందు రెండు బండ్లు ఫస్ట్ గేరులో పాకుతున్నట్టు వెళ్లాయి. మా బావమరిది సెకండ్‌లో దిగాడు. నేను ఎడమ సీట్లో "మెల్లగారా, మెల్లగా" అంటూనే ఉన్నాను. మధ్యకి వెళ్లేసరికి బానెట్ మీదుగా నీళ్లు అద్దానికి కొట్టాయి. ఇంజిన్ లోపల ఏదో గట్టిగా కొట్టుకున్న చప్పుడు వచ్చింది, బండి ఆగిపోయింది.

వాడి చెయ్యి వెంటనే తాళం మీదికి పోయింది. నేను పట్టేసుకున్నాను.

మా నాన్నగారికి సాలూరులో లారీ ఉండేది. సాలూరంటేనే లారీలు కదా. సెలవులొస్తే నేను షెడ్డులో మేస్త్రి పక్కనే కూర్చునేవాణ్ణి. "నీళ్లల్లో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టీకండి బాబూ, ముందు నీళ్లు ఎక్కడిదాకా పోయాయో చూడాల" అని ఆయన డ్రైవర్లతో అనడం ఎన్నోసార్లు విన్నాను. కారణం సులువే. సిలిండర్లో పిస్టన్ పైకి వచ్చేటప్పుడు గాలిని నొక్కుతుంది. డీజిల్ ఇంజిన్‌లో అయితే ఆ గాలిని ఇంచుమించు పదహారో వంతుకి కుదిస్తుంది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి రాలేదు, కింద క్రాంక్ తోస్తూనే ఉంటుంది, మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. సెల్ఫ్ మోటరు ఒక్కదానికే రాడ్‌ని వంచేంత బలం ఉండకపోవచ్చు. కానీ నీళ్లు లేని పక్క సిలిండర్ అంటుకుందంటే, అది ఇచ్చే దెబ్బకి వంగిన రాడ్ విరిగి బ్లాకుకే కన్నం పడుతుంది. అప్పుడిక ఇంజిన్ మొత్తం మార్చాల్సిందే.

బండిని న్యూట్రల్‌లో పెట్టించి, దగ్గర ఊళ్లోంచి ట్రాక్టర్ పిలిపించి ఒడ్డుకి లాగించాం. లాగుతుండగా గేరు వేస్తే స్టార్ట్ అవుతుందేమో చూద్దామని మాలో ఒకాయన అన్నాడు. నీళ్లు నిండిన ఇంజిన్‌కి సెల్ఫ్ కొట్టడం కంటే అది పెద్ద ప్రమాదం, ఎందుకంటే ట్రాక్టర్ బలమంతా ఆ రాడ్ల మీద పడుతుంది. ఒడ్డుకి వచ్చాక బ్యాటరీ తీగ పీకేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పాం. లోపల ఎర్రటి నీళ్లు. డబ్బా, తడిసిన ఫిల్టర్, తలుపు మీద బురద గీత, గెడ్డ, అన్నిటికీ ఫోటోలు తీశాను. అప్పటికి అది క్లెయిము కోసమని కాదు, మేస్త్రికి చూపిద్దామని. రోడ్‌సైడ్ అసిస్టెన్సు వాళ్లకి ఫోన్ చేస్తే, బండి తారురోడ్డు మీద ఉంటేనే వస్తాం, గెడ్డల్లోంచి లాగడం మా పని కాదన్నారు. ట్రాక్టర్ మళ్లీ రోడ్డు దాకా లాక్కొచ్చింది.

జయపురంలో చూపిస్తే, ఇంజిన్ విప్పే పని ఇక్కడ కాదు, విశాఖ పంపాలన్నారు. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి ఘాట్ దింపాం. ఇక్కడే మొదటి మెలిక. మన బండి నష్టం, ఎదుటివాళ్ల నష్టం రెండూ కలిసిన మామూలు ప్యాకేజీ పాలసీలో బండిని తరలించే ఖర్చు కింద కారుకి ఇచ్చేది 1,500 రూపాయల దాకా. అదీ దగ్గర్లో ఉన్న రిపేరు షాపు వరకే. దగ్గర్లో అంటే ఏది, రాష్ట్రం దాటి పక్క రాష్ట్రానికి ఎందుకు తీసుకెళ్లారు అని తర్వాత అడిగారు. జయపురంలో వాళ్లు "ఇక్కడ ఆ పని చేయం" అని రాసిచ్చిన జాబ్ కార్డు, అంటే వర్క్‌షాపు పని చీటీ, ఉంది కాబట్టి ఆ 1,500 అయినా వచ్చాయి. ట్రాక్టర్ కిరాయి, ఫ్లాట్‌బెడ్ ఖర్చు ముందు ఆ 1,500 ఎంత.

వారంటీ సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. తయారీలో లోపం ఉంటేనే వారంటీ, బయటి నుంచి నీళ్లు పోతే కాదు. ఈ విషయంలో కంపెనీని తప్పుపట్టడానికి నాకేమీ కనిపించలేదు.

ఇన్సూరెన్సుకి ఆ సాయంత్రమే ఫోన్ చేశాను. చేసే ముందు మా గ్రూపులో ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. "బండి గెడ్డ పక్కన పార్క్ చేసి ఉంటే వరద వచ్చి ముంచేసిందని చెప్పండి, కళ్లు మూసుకుని ఇస్తారు." ఈ సలహా ఎందుకు పుట్టిందో నాకు అర్థమైంది. ప్యాకేజీ పాలసీలో వరద, తుఫాను, ముంపు అనే మాటలు స్పష్టంగా ఉంటాయి. నిలబెట్టిన బండి మునిగితే గొడవ తక్కువ. నీళ్లలోకి నడిపి ఇంజిన్ పోగొట్టుకుంటే, అది ప్రమాదం వల్ల నేరుగా జరిగిన నష్టం కాదు, పర్యవసానంగా వచ్చిన నష్టం అనో, మెకానికల్ బ్రేక్‌డౌన్ అనో పక్కన పెట్టేస్తారు. ఈ రెండూ మామూలు పాలసీలో మినహాయింపులే. కానీ అబద్ధం చెబితే మొత్తం క్లెయిమే పోతుంది. ఫోటోల్లో టైము, చోటు ఉంటాయి. ట్రాక్టర్ అతన్ని అడిగితే ఉన్నది చెబుతాడు. పైగా ఇంజిన్ విప్పినప్పుడు, ఆగి ఉన్న బండి మునిగిందా, నడుస్తూ నీళ్లు పీల్చిందా అనేది వంగిన రాడ్డే చెప్పేస్తుంది. ఇంజిన్ తిరగకుండా రాడ్ వంగదు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. ఊరి దారిలో గెడ్డ దాటుతుండగా నీళ్లు గాలి గొట్టంలోకి పోయి ఇంజిన్ ఆగింది, మళ్లీ స్టార్ట్ చేయలేదు, ట్రాక్టర్‌తో లాగించాం.

నాకున్న ధైర్యం ఒక్కటే, పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్, అంటే విడిగా డబ్బు కట్టి చేర్చుకునే రక్షణ, ఉంది. మామూలు పాలసీ వదిలేసిన నష్టాన్నే, అంటే నీళ్లు పోవడం వల్లా ఆయిల్ కారిపోవడం వల్లా ఇంజిన్‌కి, గేర్‌బాక్సుకి జరిగే నష్టాన్ని అది భరిస్తుంది. ఇది ఒకసారి కొంటే ఎప్పటికీ ఉండేది కాదు. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి ఇన్సూరెన్సు, ఒకేసారి మూడేళ్లకి ఇస్తున్నారు కదా. బండి నష్టానికి సంబంధించిన భాగాన్ని మాత్రం చాలామంది ఏటేటా రెన్యువల్ చేస్తారు. అక్కడ ప్రీమియం తగ్గించి చూపించడానికి ముందు కోసేది ఈ యాడ్ ఆన్‌లనే. మనకేమో మూడేళ్ల ఇన్సూరెన్సు ఉందనే భరోసా ఉంటుంది.

విశాఖ వర్క్‌షాపులో అడ్వైజర్ బండి చూసీ చూడగానే ఇంజిన్ మొత్తం మార్చాలని 4 లక్షలు దాటిన ఎస్టిమేటు ఇచ్చాడు. ఇంకా ఒక్క బోల్టు విప్పలేదు. విప్పకుండా ఎలా తెలిసిందని అడిగితే, "ఇన్సూరెన్సే కదండీ, పెద్దది వేస్తే తగ్గించి అయినా పాస్ చేస్తారు" అన్నాడు. ఈ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. రేపు క్లెయిము రాకపోతే ఆ ఎస్టిమేటు మోయాల్సింది మనమే. ఇంకొకటి, నష్టం అంచనా వేసే సర్వేయర్ చూడకముందు ఇంజిన్ విప్పితే ఆధారం పోయినట్టే. నష్టం 50,000 రూపాయలు, ఆపైన ఉంటే లైసెన్సున్న సర్వేయర్ చూడాల్సిందే. ఆయన వచ్చేదాకా ఎవరూ స్పానర్ పెట్టొద్దని జాబ్ కార్డు మీద రాయించి సంతకం తీసుకున్నాను.

సర్వేయర్‌గారు పెద్దాయన, మాట తక్కువ. బండి చుట్టూ తిరిగి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎండిన బురద గీత చూసి, డిప్‌స్టిక్ లాగి చూశారు. ఆయిల్‌లో నీళ్లు కలిస్తే పాలు పోసిన టీ రంగు వస్తుంది. మాది కొంచెం ఆ రంగులోనే ఉంది. తర్వాత ఒకటే ప్రశ్న, రకరకాలుగా. ఆగాక సెల్ఫ్ కొట్టారా? ఒక్కసారి కూడానా? లాగేటప్పుడు గేరులో ఉందా? బ్యాటరీ ఎప్పుడు పీకారు? డ్రైవింగ్ ఎవరిది, లైసెన్సు ఏదీ? బావమరిది లైసెన్సు విజయనగరంలో తీసుకున్నది, బండి నంబరు ఓడీ 10. దాంతో ఇబ్బందేమీ లేదన్నారు. యజమాని అనుమతితో, చెల్లే లైసెన్సున్న ఎవరు నడిపినా పాలసీ వర్తిస్తుంది. "నీ బండి మావాడు నడిపాడు కాబట్టి ఇన్సూరెన్సు రాదు" అని మా మావగారు అప్పటికే ఇంట్లో తీర్పు చెప్పేసి, చెక్ బుక్ బయటికి తీసి ఉన్నారు. ఆయనకి ఫోన్ చేసి ఆ ఒక్క ముక్క చెప్పాక రాత్రి భోజనం కాస్త ప్రశాంతంగా జరిగింది.

సర్వేయర్‌గారి సమక్షంలో ముందు ఇంజెక్టర్లు తీసి ఇంజిన్‌ని చేత్తో తిప్పారు. రెండు సిలిండర్ల కన్నాల్లోంచి నీళ్లు చిమ్మాయి. తర్వాత హెడ్ దింపి, ప్రతి పిస్టన్ పైదాకా వచ్చినప్పుడు ఎంత ఎత్తుకి వస్తుందో కొలిచారు. నాలుగింటిలో ఒకటి మిగతావాటి కంటే కొంచెం కిందే ఆగిపోతోంది. రాడ్ వంగిందనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బోరు గోడలకి గీతలు లేవు, బ్లాకు బాగుంది. మొత్తం ఇంజిన్ అన్న ఎస్టిమేటు అక్కడే సగానికి పైగా కరిగిపోయింది. రాడ్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు, టర్బో క్లీనింగ్. విప్పే పని కళ్లారా చూడటం వల్ల నాకు కలిగిన లాభం ఇదే.

అయినా ఉత్తరం వచ్చింది. క్లెయిము ఇవ్వలేమని. చూపించిన కారణాలు మూడు. పర్యవసాన నష్టం కాబట్టి రాదు. తెలిసి తెలిసి నీళ్లలోకి దించారు కాబట్టి బండిని జాగ్రత్తగా చూసుకోవాలన్న షరతు తప్పారు. మూడోది చదివి నవ్వొచ్చింది, ఆ తర్వాత గుండె జారింది. ఆఫ్‌రోడ్ పోటీలో పాల్గొన్నారట.

సంగతేంటంటే, మా వెనక బండిలో కుర్రాడు మొత్తం వీడియో తీసి, "కొరాపుట్ ఆఫ్‌రోడ్ ఛాలెంజ్" అని పేరు పెట్టి, పాట కలిపి వదిలాడు. మా నంబర్ ప్లేటు స్పష్టంగా కనిపిస్తుంది. కారు పాలసీలో రేసులకి, స్పీడ్ టెస్టులకి, బండి ఎంత తట్టుకుంటుందో చూసే రిలయబిలిటీ ట్రయల్స్‌కి వాడితే వర్తించదని ఉంటుంది. మట్టిదారిలో నడపకూడదని మాత్రం నా పాలసీలో ఎక్కడా లేదు. పల్లెల్లో సగం దారులు అవే కదా. కానీ ఛాలెంజ్ అన్న ఒక్క మాట పట్టుకుని వాళ్లు దాన్ని పోటీ చేశారు.

ఆ కుర్రాడికి ఫోన్ చేసి వీడియో తీసేయమని అందరూ అన్నారు. నేను వద్దన్నాను. తీసేస్తే దాచినట్టు ఉంటుంది. అసలు ఫైలు, కత్తిరించనిది, పాట లేనిది పంపమన్నాను. అందులో బండి ఆగిన క్షణం నుంచి ట్రాక్టర్ ఒడ్డుకి లాగేదాకా ఏకబిగిన ఉంది. ఆగాక ఇంజిన్ చప్పుడు మళ్లీ లేదు, సెల్ఫ్ చప్పుడూ లేదు. "తాళం తిప్పకురా!" అన్న నా అరుపు మాత్రం గెడ్డ హోరులో కూడా వినిపిస్తుంది.

ఇన్సూరెన్సు కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాశాను. అక్కడ కోపం చూపించి లాభం లేదు, వాళ్ల పాలసీ కాగితాన్నే వాళ్లకి చదివి వినిపించాలి. పర్యవసాన నష్టం మామూలు పాలసీలో మినహాయింపు, నిజమే, ఆ మినహాయింపుని పూడ్చడానికే మీరు విడిగా డబ్బు తీసుకుని ఈ యాడ్ ఆన్ అమ్మారు. అందులో అడిగిన ఆధారం, నీళ్లు చేరినట్టు, మీ సర్వేయర్ రిపోర్టులోనే ఉంది. జాగ్రత్త విషయానికొస్తే, అది ఊళ్లవాళ్లు ట్రాక్టర్లతో రోజూ దాటే దారి, మా ముందు రెండు బండ్లు దాటాయి, ఆగాక స్టార్ట్ చేయలేదు, అదే రోజు మీకు చెప్పాం. పోటీ అంటారా, ఎంట్రీ ఫీజు లేదు, టైము పెట్టలేదు, బహుమతి లేదు, నిర్వహించినవాళ్లు లేరు. అసలు వీడియో జతచేశాను. ఇంగ్లీషులో పేజీన్నర. మా ఆవిడ చదివి రెండు పేరాలు కొట్టేసింది, అవి కొట్టేయాల్సినవే.

దానికీ ఒప్పుకోకపోతే, ఇలాంటి తగాదాలు తేల్చే ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లడానికి కాగితాలు సిద్ధం చేసుకున్నాను. సరిహద్దులో ఉండేవాళ్లకి ఇక్కడ ఒక సందేహం వస్తుంది. వర్క్‌షాపు విశాఖ, సర్వేయర్ విశాఖ, అలాంటప్పుడు అంబుడ్స్‌మన్ హైదరాబాద్ ఆఫీసుకి వెళ్లాలా? అక్కర్లేదు. ఫిర్యాదు చేసేవాడి నివాసాన్ని బట్టి వెళ్లొచ్చు. ఒడిశా అంతా భువనేశ్వర్ ఆఫీసు కిందికి వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ముందు కంపెనీకి రాసి ఉండాలి. వాళ్లు కాదన్నా, నెల రోజులైనా జవాబివ్వకపోయినా అక్కడికి వెళ్లొచ్చు. ఏడాది దాటనివ్వకూడదు. ఈ మాట ఈమెయిల్ చివర ఒక్క వాక్యంలో రాశాను.

అక్కడిదాకా పోలేదు. ఫైలు మళ్లీ తెరిచారు, సర్వేయర్‌గారు వీడియో చూసి అదనంగా ఒక రిపోర్టు రాశారు, క్లెయిము మంజూరైంది. ఈలోగా వర్క్‌షాపు వాళ్లు రోజువారీ పార్కింగ్ ఛార్జీ వేశారు. విప్పిన ఇంజిన్‌తో బండిని ఎక్కడికి తీసుకెళ్లగలం? మేనేజర్ దగ్గర కూర్చుని సగం తగ్గించుకున్నాను. మిగతా సగం కడుతుంటే కడుపు మండింది. అసలు క్లెయిము తేలేదాకా విప్పిన బండిని ఎవరి ఖర్చుతో ఉంచాలన్నది మొదటిరోజే జాబ్ కార్డులో రాసుకోవాల్సిన విషయం.

చివరికి లెక్క ఇలా తేలింది. మొత్తం బిల్లు లక్షా డెబ్బై వేల చిల్లర. జీరో డిప్రిసియేషన్ అనే యాడ్ ఆన్ కూడా ఉంది కాబట్టి పార్టుల్లో తరుగు కోయలేదు. అది లేకపోతే రెండేళ్లు దాటిన బండికి లోహపు భాగాల్లో 15 శాతం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల్లో 50 శాతం మనమే పెట్టుకోవాలి. 1,500 సీసీ దాటిన బండి కనుక తప్పనిసరి కోత 2,000 రూపాయలు. పాత పార్టుల తుక్కు విలువ కొంత మినహాయించారు. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనక డిఫరెన్షియల్ ఆయిళ్లు, ఇవేవీ రాలేదు. ఫోర్ బై ఫోర్‌లో ఈ ఆయిళ్లే పెద్ద మొత్తం, నీళ్లు పోయినప్పుడు అన్నీ మార్చకపోతే కొన్నాళ్లకి గేర్లు అరిగిపోతాయి. కన్స్యూమబుల్స్ అనే ఇంకో యాడ్ ఆన్ ఉంటే అవీ వచ్చేవి. క్లచ్ ప్లేటు అరిగి ఉందన్నారు. అది అరుగుదల, మన ఖర్చు. ఆ మాట న్యాయమే. మా జేబులోంచి పోయింది పార్కింగ్, ఫ్లాట్‌బెడ్‌తో కలిపి 40 వేలకి దగ్గర.

ఇక మూడో మనిషి. బావమరిది మొత్తం తనే కడతానన్నాడు. మావగారు సగం అన్నారు. మా ఆవిడ ఏమీ అనలేదు, అంటే నేను ఏమంటానో చూస్తోందని అర్థం. ట్రాక్టర్, ఫ్లాట్‌బెడ్ నువ్వు పెట్టుకోరా, మిగతాది నాది అన్నాను. "బావా, మరి నో క్లెయిమ్ బోనస్ పోయింది కదా, దాని సంగతి?" అని వాడే అడిగాడు. నిజమే, అది నేను లెక్కలో వేసుకోలేదు. క్లెయిము లేకుండా రెండేళ్లు గడిచినందుకు ఉన్న 25 శాతం తగ్గింపు ఈసారి రెన్యువల్‌లో సున్నా అయింది. ఆ తేడా కూడా వాడే పంపాడు, వద్దంటున్నా వినలేదు.

రెన్యువల్‌కి ఏజెంట్ మొదట పంపిన కొటేషన్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ లేదు. ప్రీమియం బాగా తగ్గించానండీ అని రాశాడు. దాన్ని పెట్టించి, కన్స్యూమబుల్స్ కూడా వేయించాను. ఆ రోజు మాతో వచ్చిన మిగతా మూడు బండ్లవాళ్లని కూడా పాలసీలు తీసి చూడమన్నాను. ఒకాయనకి బండి నష్టం భాగం ఎప్పుడో గడువు తీరిపోయింది, థర్డ్ పార్టీ మాత్రమే మిగిలింది. గెడ్డ ముందు దాటింది ఆయన బండే.